పాత అట్ట పంపిన మార్పు

సూట్‌కేసు మూత పడటం లేదు. అత్తగారు మోకాలు ఆనించి నొక్కింది. అయినా పడలేదు.

"ఉండమ్మా, నేను నొక్కుతాను," అన్నాడు కొడుకు.

"అక్కర్లేదు."

రెండు రోజులుగా ఆవిడ నోట్లోంచి వస్తున్న మాట అదొక్కటే. టీ ఇస్తే అక్కర్లేదు. కిటికీ తీయనా అంటే అక్కర్లేదు. ఎక్కడికి ప్రయాణం అంటే మాత్రం "అక్క దగ్గరికి" అని ఒక ముక్క ఎక్కువ చెప్పింది. ఎన్నాళ్ళకి అంటే అసలు పలకలేదు.

కొడుకు పళ్ళ డాక్టరు. మంచం చివర కూలబడి, "రోజుకి పాతిక మంది చేత నోరు తెరిపిస్తాను. నీ దగ్గర మాత్రం నా చదువు పనికిరావట్లేదు," అన్నాడు.

ఇంకో రోజైతే ఆవిడ నవ్వేది. ఇవాళ శాలువా మడత విప్పి మళ్ళీ మడిచింది.

అతను గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు చూశాడు. ఆమె గిరుక్కున తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అతనూ వెనకే వెళ్ళాడు.

"నన్నెందుకలా చూస్తావు?"

"ఎలా చూశాను?"

"ఏ పన్ను పుచ్చిందా అని చూసినట్టు."

"మీ ఇద్దరి మధ్యా ఏదో జరిగింది," అన్నాడతను గొంతు తగ్గించి.

"ఏం జరుగుతుంది? పొద్దున్న ఎనిమిదింటికి వెళితే సాయంత్రం ఏడింటికి వస్తాను. పోట్లాడటానికైనా టైముండాలిగా! ఇవాళ శుక్రవారం, పాపని స్కూలుకి పంపి, ఈవిడ సంగతి చూద్దామని సెలవు పెట్టి కూర్చున్నాను. ఇంకేం చెయ్యమంటావు?"

"అదే అయ్యుండొచ్చు."

"ఏది?"

"పోట్లాడటానిక్కూడా టైము లేకపోవడం."

ఆమె కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగింది.

వెనకనుంచి తాళంచెవి బల్ల మీద పెట్టిన చప్పుడైంది. అత్తగారు ఎప్పుడొచ్చి నిలబడిందో ఇద్దరికీ తెలియదు.

"ఇది రీడింగ్ రూముది, నా దగ్గరుండే రెండో చెవి. వెళ్ళి ఇచ్చిరా అమ్మాయ్. మూడున్నరకి టాక్సీ చెప్పాను, ఈలోపల వచ్చెయ్."

రెండు రోజుల్లో ఆవిడ కోడలితో మాట్లాడిన మొదటి మాటలవి.

"ఎవరికివ్వాలి అత్తయ్యా?"

"ఊడ్చే ఆవిడ ఉంటుంది. ఆవిడకివ్వు. నా సామాను ఏమైనా కనిపిస్తే అక్కడే ఉండనీ. తేవద్దు."

*

రెండు వీధుల అవతల, తపాలా ఆఫీసు మేడ మీద ఉంది ఆ గది. ముప్పయ్యొక్క ఏళ్ళు లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయిన మనిషి ఊరికే కూర్చోలేక పెట్టిన రీడింగ్ రూము. మామగారు పోయాక కొడుకు దగ్గరికి వచ్చేసిన ఏడాదే మొదలుపెట్టింది. నాలుగు బీరువాలు, రెండు పొడుగు బల్లలు, కిటికీ పక్కన ఒక పాత కంప్యూటరు.

ఆ కంప్యూటర్లో ఏ పుస్తకం ఏ అరలో ఉందో, ఎవరు తీసుకెళ్ళారో చెప్పే ప్రోగ్రాం కోడలు రాసిందే. కాలేజీలో ఉండగా సరదాకి మొదలుపెట్టింది. దాన్ని ఎవరికీ అమ్మలేదు. లోపల రాసిన ప్రతి అక్షరమూ అందరికీ కనిపించేలా నెట్‌లో పెట్టేసింది. ఎవరైనా వాడుకోవచ్చు. లోపం కనిపిస్తే ఎవరైనా దిద్ది, ‘ఈ మార్పు తీసుకోండి’ అని పంపవచ్చు. తీసుకోవాలా వద్దా అన్నది మాత్రం ఆమె, ఆమెతో పాటు పనిచేసే ఇంకొకతను చూసి చెప్పాలి. ఇప్పుడు దాన్ని అరవై డెబ్బై చిన్న గ్రంథాలయాలు వాడుతున్నాయి.

కోడలు మెట్లెక్కి వెళ్ళేసరికి ఊడ్చే ఆవిడ చీపురు గోడకానించి, చేతులు దులుపుకుంది.

"మీరా! కంప్యూటరు కోడలుగారు! రండి రండి. మిమ్మల్ని చూడ్డం ఇదే కానీ మీ గురించి వినని రోజు లేదు."

"నా గురించా?"

"కొత్తగా ఎవరొచ్చినా ముందు ఆ పెట్టె దగ్గరికి తీసుకెళ్ళి, ‘ఇది మా కోడలు రాసింది’ అంటారు. పుస్తకాల సంగతి తర్వాత."

కోడలు తాళంచెవి అందించింది.

"ఊరెళుతున్నారు. కొన్నాళ్ళు రారు."

"చెప్పారు. నిన్న వచ్చి ఆ కుర్చీలో కాసేపు కూర్చుని వెళ్ళారు. సాయంత్రాలు ఈ గది బోసిపోతుందమ్మా. రోజూ నాలుగింటికొస్తే ఆరింటి దాకా కదిలేవారు కారు."

"నాలుగింటికి ఆవిడ వాకింగుకి వెళ్తారు కదా."

"వాకింగా?" ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "కుర్చీలోంచి లేస్తేగా వాకింగు! ఎనిమిది నెలలు ఆ పెట్టె ముందే. టకటకా కొట్టడం, పుస్తకంలో రాసుకోవడం. పరీక్షకి చదివే పిల్లలు నయం."

ఆమె బీరువా వెనకనుంచి ఒక లావుపాటి నోటు పుస్తకం తీసింది.

"దీన్ని పారెయ్యమన్నారు నిన్న. నాకు మనసొప్పలేదు. చదువు రానిదాన్నే కానీ ముత్యాల్లాంటి అక్షరాలని నాకూ తెలుస్తుంది. మీరు తీసుకెళ్ళండి."

పుస్తకానికి గోధుమరంగు కాగితంతో పొందిగ్గా అట్ట వేసి ఉంది. దాని మీద అంటించిన చీటీలో ఇంగ్లీషు అక్షరాలతో రాసిన పేరు చూసి కోడలు అలాగే నిలబడిపోయింది.

పాత అట్ట.

ఆ పేరు ఆమెకు తెలుసు. తొమ్మిది రోజుల కిందట ఆ పేరుతో ఎవరో ఆమె ప్రోగ్రాంకి ఒక మార్పు పంపారు. ఆఫీసులో ఆ రోజు పొద్దున్నుంచీ చివాట్లే. లిఫ్టులో ఫోను తీసి చూస్తే ఆ మార్పు పక్కన ఎర్రగుర్తు ఉంది. ఎవరు ఏ మార్పు పంపినా అది దేన్నైనా పాడుచేస్తుందేమో యంత్రమే ముందు పరీక్షిస్తుంది. పాడుచేస్తే ఎరుపు, లేకపోతే ఆకుపచ్చ. ఎరుపు చూడగానే ఆమె మూడో అంతస్తుకీ ఆరో అంతస్తుకీ మధ్య మూడు వాక్యాలు కొట్టి, తలుపు వేసినట్టు మూసేసింది. సాయంత్రం తోటి మనిషితో నవ్వుతూ చెప్పింది కూడా, "ఎవరో పాత అట్టట, మన ప్రోగ్రాంకి బైండింగు చేస్తాడట," అని.

ఇంగ్లీషులో రాస్తే అట్టకీ అత్తకీ తేడా లేదు.

కోడలు కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. కుర్చీలో నడుముకి ఆనించుకునే చిన్న దిండు ఉంది.

మొదటి పేజీ మీద ఎనిమిది నెలల కిందటి తేదీ. ఫోనులో చూసి నేర్చుకున్న పాఠాలన్నీ ఆవిడ తన మాటల్లో రాసుకుంది.

‘ఉంటే – లేకుంటే: సభ్యత్వం ఉంటే పుస్తకం ఇవ్వు. లేకుంటే ఫారం ఇవ్వు.’

‘లూపు: అరలో మొదటి పుస్తకం నుంచి చివరి పుస్తకం దాకా దుమ్ము దులపడం. ఎక్కడ ఆపాలో చెప్పకపోతే జన్మంతా దులుపుతూనే ఉంటుంది.’

కోడలికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

నడుమ ఒక పేజీలో ఏదో చిక్కుముడి వేసుకుని మూడు రోజులు తంటాలు పడినట్టుంది. కొట్టివేతలు, బాణం గుర్తులు. వాటి పక్కన మార్జిన్‌లో: ‘కోడల్ని అడగనా? వద్దు. అలిసిపోయి వస్తుంది.’

రాత ఉన్న ఆఖరి పేజీ తీసింది. ఆమె లిఫ్టులో కొట్టిన మూడు వాక్యాలూ అక్కడ ఉన్నాయి. ఆవిడ వాటిని దిద్దినట్టుగా ఎత్తి రాసుకుంది. ఒక్కొక్క దాని కిందా రెండు గీతల జాగా వదిలి, తన మాట రాసుకుంది.

‘ఇది ఉన్నదాన్ని పాడుచేస్తోంది.’ దాని కింద: ‘నిజమే. ఏది పాడవుతోందో కనుక్కోవాలి.’

‘ముందు ఓనమాలు నేర్చుకుని తర్వాత పంపండి.’ దాని కింద: ‘ఓనమాలు అంటే ఏవేవి? జాబితా ఎక్కడ దొరుకుతుంది?’

‘దయచేసి మా సమయం వృథా చేయకండి.’

దాని కింద ఏమీ లేదు. రెండు గీతలూ ఖాళీగా ఉన్నాయి.

"మంచినీళ్ళివ్వనా అమ్మా?" అంది ఊడ్చే ఆవిడ.

"వద్దండీ. ఈ కంప్యూటరు కాస్త ఆన్ చేస్తారా?"

కోడలు ఆ మార్పు తెరిచింది. మొదటిసారిగా చదివింది.

మొత్తం పదకొండు లైన్లు. ప్రోగ్రాం రచయితల పేర్లను చివరి మాటను బట్టి వరసలో పెడుతుంది. పరాయి దేశాల పుస్తకాలు ముందు పెట్టుకుని రాసిన ప్రోగ్రాం అది. మన ఇంటిపేర్లు ముందొస్తాయి. అందువల్ల ఇంటిపేరు పట్టుకుని వెతికితే ఏ రచయితా జాబితాలో ఉండాల్సిన చోట దొరకడం లేదు. ఇంటిపేరు ముందా వెనకా అన్నది ఏ గ్రంథాలయానికి ఆ గ్రంథాలయమే చెప్పుకునేలా ఆ పదకొండు లైన్లూ ఏర్పాటు చేస్తున్నాయి.

ఆలోచన సరైనది. పైగా ఇదే ఫిర్యాదు రెండేళ్ళ కిందట వస్తే ‘తర్వాత చూద్దాం’ అని అటక ఎక్కించింది కోడలే. ఎర్రగుర్తుకి కారణం చిన్నది. ఒక్క లైనుతో పోయేది.

ఆమె గోడగడియారం చూసింది. రెండు దాటింది. నోటు పుస్తకం గుండెలకి అదుముకుని మెట్లు దిగింది.

*

అత్తగారు సూట్‌కేసు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. చెప్పులు కూడా తొడుక్కుంది.

కోడలు పుస్తకం ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"తేవద్దన్నాను," అంది ఆవిడ.

"నన్ను క్షమించండి అత్తయ్యా."

"ఎందుకు? తప్పుంటే తప్పన్నావు. నా దగ్గర పనిచేసిన వాళ్ళని నేను ఎన్ని అనలేదు? ఎర్రగుర్తు నాకూ కనిపించింది."

"అది కాదు..."

"మూడో మాట కాస్త ఘాటుగా ఉంది. అంతే. దానికే ఏడుస్తావా? కళ్ళు తుడుచుకో. అబ్బాయి చూస్తే నేనేదో అన్నాననుకుంటాడు."

"నేను చదవలేదు అత్తయ్యా."

"ఏది?"

"మీరు పంపింది. ఎరుపు చూశాను, రాసేశాను. లోపలికి వెళ్ళి ఒక్క లైను కూడా చూడలేదు. ఇప్పుడే చదివాను, మీ కుర్చీలో కూర్చుని."



ఇందాకటి దాకా అత్తగారి మొహంలో ఉన్న పెద్దరికం మెల్లగా జారిపోయింది. తిడితే ఓర్చుకున్న మనిషి ఈ మాటకి ఓర్చుకోలేకపోయింది. పుస్తకం అట్ట మీద వేలితో గీస్తూ కూర్చుంది. వంటింట్లో ఫ్రిజ్ ఆగి, మళ్ళీ మొదలైంది. కొడుకు తలుపు సందులోంచి తొంగి చూసి, చప్పుడు కాకుండా వెనక్కి వెళ్ళాడు.

"ఏ లైను నచ్చలేదో అని," అంది చివరికి, "ఒక్కొక్క లైనే పట్టుకుని వెతికాను. నాలుగో లైనేమో అనుకున్నాను. అది కాస్త వంకరగా రాశాను. రెండు రోజులు దాని మీదే కూర్చున్నాను."

"నాలుగో లైను చాలా బాగుంది."

"ఇప్పుడంటున్నావు."

"చదివాను కాబట్టి అంటున్నాను."

అత్తగారు ఊడిపోతున్న చీటీ అంచుని వేలితో అదిమింది.

"మీరని నాకు ముందే తెలిస్తే..."

"తెలిస్తే అలా రాసేదానివి కాదు. అంతేనా?" ఆవిడ తలెత్తింది. "అదేనమ్మా నాకు నచ్చనిది. నేనైతే ఒకలా, ఊరూపేరూ లేని మనిషైతే ఒకలానా? నాకు పర్లేదు, ఇంట్లో నీ మొహం రోజూ చూస్తాను, నువ్వు చెడ్డదానివి కావని తెలుసు. అదే మాట ఎక్కడో భయపడుతూ మొదటిసారి పంపిన మనిషికి పడితే? ఇంక ఆ గుమ్మం తొక్కుతారా?"

కోడలు తల వంచుకుంది.

"ఒక్కసారి నాతో చెప్పి ఉంటే నేర్పేదాన్ని కదా అత్తయ్యా. ఎందుకు దాచారు?"

"చెప్తే ‘మీకర్థం కాదులెండి’ అంటావని."

"నేనెప్పుడన్నానలాగ?"

"ఎప్పుడనలేదో చెప్పు. లెక్క తేలిగ్గా తేలుతుంది."

ఆ మాటకి ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆవిడ నవ్వు ఆపుకోబోయి, దగ్గొచ్చి, కొంగుతో మొహం తుడుచుకుంది. కోడలు నేల మీద కూర్చుని ఆవిడ మోకాలికి తల ఆనించింది. ఆ ఇంట్లోకి వచ్చిన తొమ్మిదేళ్ళలో అలా కూర్చోవడం అదే మొదలు. అత్తగారి చెయ్యి ఒక క్షణం గాల్లో ఆగి, తర్వాత ఆ తల మీద పడింది.

"నీకు తెల్లవెంట్రుకలు వచ్చాయే!"

"అంటే ఇన్నాళ్ళూ మీరూ నన్ను సరిగ్గా చూడలేదన్నమాట."

"అదీ నిజమే," అంది ఆవిడ.

*

కోడలు తన లాప్‌టాప్ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది.

"రండి. ఇంకా గంట టైముంది. ఒక్క లైను."

"నువ్వు రాయకు," అంది అత్తగారు వెంటనే. "నువ్వు రాస్తే అది నీదవుతుంది."

"నేను ముట్టుకోను. ఒక్క ప్రశ్న అడుగుతాను. మీ బీరువాల్లో ఉన్న రచయితలందరికీ పేరులో రెండు మాటలుంటాయా?"

"రెండో, మూడో, నాలుగో. ఉంటాయి."

"అందరికీ?"

ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. పెదవులు కదుపుతూ బీరువాలన్నీ మనసులోనే ఒక్కసారి చుట్టి వచ్చింది. రెండో బీరువా, మూడో అర దగ్గర ఆగినట్టుంది. నుదురు కొట్టుకుంది.

"కలం పేరు! ఒక్క మాటే ఉంటుంది. నేను రెండో మాట కోసం వెతకమన్నాను. అది లేదు. లేకపోయేసరికి..."

"ప్రోగ్రాం చేతులెత్తేసి, నా వల్ల కాదంటుంది."

"ముప్పయ్యొక్క ఏళ్ళు కలం పేర్ల పుస్తకాలు సర్దినదాన్ని! సిగ్గు లేకపోతే సరి."

రెండు వేళ్ళతో, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. ‘రెండో మాట ఉంటే’ అని ఒక లైను. కోడలు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒకచోట ఆవిడ ఒక చుక్క మర్చిపోయింది. చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చినా ఆగింది. ఆవిడే చూసుకుని దిద్దుకుంది.

పరీక్షలు మొదలయ్యాయి. నూట నలభై రెండు. ఒక్కొక్కటిగా పైకి జరుగుతున్నాయి. అత్తగారు కోడలి మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆ సంగతి ఆవిడకి తెలియదు.

నూట నలభై రెండోది కూడా ఆకుపచ్చగా వెలిగింది.

ఇద్దరూ కాసేపు దాన్ని చూస్తూ ఉండిపోయారు.

"ఇప్పుడు నొక్కితే అయిపోతుంది," అంది కోడలు. "తీసేసుకుంటున్నాను."

"వద్దు. నువ్వు తీసుకోకు. ఇంకొకతను ఉన్నాడుగా, అతన్ని చూడమను. నేను అత్తనని చెప్పకు."

"అతన్ని మేమంతా తాత అంటాం. చాలా పట్టింపు మనిషి."

"తాతా? ఎన్నేళ్ళు?"

"ముప్పై తొమ్మిది. గడ్డం నెరిసిందని అలా పిలుస్తాం."

"ఓస్, నా కొడుకు ఈడు. దానికి నేను భయపడటం ఏమిటి!"

కోడలు తనూ ఒకటి రాయాలంది. అందరూ చదివే చోట, తన మూడు వాక్యాల కిందే రాసింది: ‘ఈ మార్పును నేను చదవకుండానే తిప్పి పంపాను. అది నా తప్పు. నేను వాడిన మాటలు కూడా తప్పు. ఇప్పుడు చదివాను. రెండేళ్ళ కిందట మేమే చేయవలసిన పని ఇది. పంపినవారికి కృతజ్ఞతలు. నా తోటివారు దీన్ని పరిశీలిస్తారు.’

అత్తగారు రెండుసార్లు చదివింది.

"‘తప్పు’ రెండుసార్లు పడింది. ఒకటి చాలు."

"ఉండనివ్వండి. నాకు రెండూ కావాలి."

పళ్ళ డాక్టరు ఇంక ఆగలేక ముందుగదిలోంచి వచ్చాడు. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. అతని భుజాల మీదనుంచి ఏదో బరువు దిగినట్టుంది.

"అమ్మయ్య! టాక్సీ వద్దని చెప్పెయ్యనా?"

"చెప్పెయ్," అంది భార్య.

"వద్దు. రానీ," అంది తల్లి.

కోడలి మొహం పాలిపోయింది. "ఇంకా కోపంగానే ఉందా అత్తయ్యా?"

"కోపం లేదమ్మాయ్. పోయింది. కానీ నువ్వు రాసింది తొమ్మిది రోజుల కిందట. నేను సూట్‌కేసు దింపింది నిన్న. మధ్యలో వారం రోజులు నీ చేతి టీ తాగలేదూ?"

ఆ లెక్క ఎవరికీ తట్టలేదు.

"మొన్న అక్కకి ఫోన్ చేశాను," అంది ఆవిడ. "రోజూ చేసేదేగా. ‘ఎవరండీ మీరు?’ అంది. గొంతు సరిగ్గా వినబడలేదేమో అనుకుని పేరు చెప్పాను. ముద్దుపేరు కూడా చెప్పాను, అక్క పెట్టిన పేరే. ‘మా చెల్లెలు స్కూలుకి వెళ్ళిందండీ, వచ్చాక చెయ్యండి,’ అని పెట్టేసింది."

కొడుకు మెల్లగా వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు.

"మాకెందుకు చెప్పలేదమ్మా?"

"నోటితో అంటే ఖాయమైపోతుందని. మీరిద్దరూ ఏదో పోట్లాట అనుకున్నారు. అనుకోనీలే అనుకున్నాను. పోట్లాటైతే ఎప్పటికైనా తీరుతుంది కదా."

కింద వీధిలో టాక్సీ వచ్చి ఆగింది. ఒకసారి హారను మోగింది.

"అక్కకి నేను ఇంకా స్కూలు పిల్లనే," అంది ఆవిడ లేస్తూ. "ఆ మాత్రమైనా గుర్తుండగానే వెళ్ళాలి."

అప్పుడే లాప్‌టాప్ టింగుమంది. తాత దగ్గర్నుంచి జవాబు. కోడలు పైకి చదివింది: "‘పాత అట్ట గారూ, శుభ్రంగా ఉంది. తీసుకుంటున్నాను. పుస్తకాలు తీసుకెళ్ళే సభ్యుల జాబితాలో కూడా ఇదే తంటా ఉంది. అదీ మీరే చూస్తారా? తొందరేం లేదు.’"

అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుని, తెర మీదకి వంగి, ‘తీసుకుంటున్నాను’ అన్న మాట ఎక్కడుందో తనే వెతికి చూసుకుంది.

"చూస్తాననే రాయి. ఊహూ, ఉండు, నేనే రాస్తాను. అక్కడికి వెళ్ళాక."

"అక్కడ కంప్యూటరు లేదుగా."

హారను మళ్ళీ మోగింది. కొడుకు సూట్‌కేసు మీద కూర్చుని మూత నొక్కి, తాళం వేసి, కిందకి మోసుకెళ్ళాడు.

అత్తగారు టాక్సీలో వెనక సీట్లో సర్దుకుని, ఒళ్ళో నోటు పుస్తకం పెట్టుకుంది. కోడలు కిందకి రాలేదు. ఆవిడ ఒకసారి మేడ వైపు చూసి, "పోనివ్వండి," అనబోయింది.

మెట్ల మీద దబదబా అడుగులు. భుజానికి లాప్‌టాప్ సంచీ, చేతిలో హడావుడిగా బట్టలు కుక్కిన ఇంకో సంచీ. కోడలు టాక్సీ తలుపు తీసింది.

"కొంచెం జరగండి అత్తయ్యా."

"నువ్వెక్కడికి?"

"మీరు రాసేటప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చోవడానికి ఒక మనిషి ఉండాలి కదా."

"పిచ్చిదానా, ఆఫీసు?"

"ఇవాళ శుక్రవారం. సోమవారం సంగతి సోమవారం."

పళ్ళ డాక్టరు టాక్సీ కిటికీలోకి వంగాడు. "మరి పాప?"

"నాలుగున్నరకి స్కూలు బస్సు వస్తుంది. నువ్వు తలుపు తీసి ఉంచు. చాలా ప్రశ్నలు అడుగుతుంది, నోరు తెరవక తప్పదు నీకు."

"ఎన్నాళ్ళు?" అన్నాడతను.

అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతను కారు తలుపు వేసి, అద్దం మీద చెయ్యి పెట్టి, తీశాడు.

వీధి మలుపు తిరిగాక అత్తగారు ఫోను తీసింది. నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోనును ఇద్దరి మధ్యా సీటు మీద పెట్టింది. చాలాసేపు మోగింది.

"ఎవరండీ?"

అత్తగారి నోరు తెరుచుకుంది. మాట రాలేదు.

కోడలు ఫోను వైపు వంగింది. "మేం ఇద్దరం బయల్దేరామండీ. ఐదింటి రైలు. చీకటి పడేసరికి మీ ఇంట్లో ఉంటాం."

అవతల ఎక్కడో కుళాయి కారుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది.

"ఇద్దరంటే ఎవరెవరు?" అని అడిగింది ఆ గొంతు, ఎంతో మర్యాదగా.

అత్తగారు జవాబు చెప్పే ముందు, సీటు మీద తడుముకుంటూ కోడలి చెయ్యి వెతుక్కుంది.